ఇంటి కత్తులకును కోత పనిముట్లకును పదును పెట్టు పద్ధతి నెంచుకొనుట
(పట్టాదారులగు రైతుల యుపయోగార్థము)

రైతుల కొఱకు వెలువడు కరపత్రములు మిక్కిలిగా విత్తనములు, ఎరువులు, తెగుళ్లు అను విషయములనే గూర్చి చెప్పుచుండును. పొలమునందును, పెరటియందును, వంటయింటియందును దినదినము చేత పట్టుకొను కత్తినిగూర్చి చెప్పునవి అరుదు. అది చిన్న సంగతి యని తలంతురు. కాని యింటిలోని కత్తి, కత్తిపీట, కొడవలి, అంటుకత్తి, కొమ్మకత్తెర, గొడ్డలి అను వీనిని లెక్కపెట్టి చూచినచో, ఒక మోస్తరు కమతము గల యింట పది పండ్రెండు అంచులకు తక్కువ యుండవు. వీనికన్నింటికిని ఒకే విధమున పదును పెట్టుట తగదు. ఏ పనిముట్టునకు ఏ పద్ధతి తగునో, దేనిని ఇంటివద్దనే చేసికొనవచ్చునో, దేనిని కమ్మరికి పంపవలెనో ఇందు వివరింపబడును.

సిద్ధిపేట జిల్లా ములుగు మండలపు రైతులకు ఈ సంగతి మఱింత దగ్గరిది. ములుగు అను పేరుతో జిల్లా యొకటి వేఱుగా గలదు. ఇచట చెప్పబడునది గజ్వేలుకు సమీపమున నున్న ములుగు; 2016 అక్టోబరు 11వ తేదీ వఱకు మెదకు జిల్లాలో నుండి, ఆ దినమున నేర్పడిన సిద్ధిపేట జిల్లాలో చేరినది. హైదరాబాదు నగరము దగ్గరగుటచే ఈ ప్రాంతమున కూరగాయలును ఆకుకూరలును విస్తారముగా పండి వంటిమామిడి మార్కెటుకు చేరుచున్నవి. శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయము ఇచటనే యుండుటచే, అంటు మొక్కల పనియు ఈ ప్రాంతమువారికి క్రొత్త కాదు. వరికోతకు యంత్రములు వచ్చి కొడవలి పని తగ్గినమాట నిజమే. ఐనను, పశువుల మేతకు గడ్డియు చొప్పయు కోయుటకు, కొత్తిమీర పాలకూరలు కోయుటకు, క్యాబేజి గడ్డను మొదలంట నఱకుటకు, తోటలో కొమ్మలు కత్తిరించుటకు చేతి పనిముట్టే గతి.

మొద్దుకత్తి చేయు నష్టము కంటికి కనబడదు. పదిమంది కూలీలు కోతకు దిగినప్పుడు ఒక్కొక్కరు మొద్దు కొడవలి వలన దినమునకు అరగంట పోగొట్టుకొన్నచో, పట్టాదారు అయిదు గంటల కూలి ఊరక చెల్లించినట్లగును. ఆకుకూర కాడ తెగక నలిగినచో, కోసిన చోట త్వరగా కమిలి నల్లబడును. మార్కెటులో బేరగాడు దానినే చూపి ధర తగ్గించును. మామిడి అంటు కట్టునప్పుడు కోత నున్నగా రాకపోయినచో, బెరడునకును కొయ్యకును నడుమ నుండు పలుచని పెరుగుదల పొర చితికిపోయి, కొమ్మయు మొక్కయు అతుకుకొనవు. ఒక యేడు పోయినదని తెలియుటకు కొన్ని వారములు పట్టును. అన్నిటికంటె ముఖ్యమైనది చేయి. పదునుగల కత్తి కంటె మొద్దుకత్తియే చేతిని ఎక్కువగా కోయును. ఏలయన, మొద్దుకత్తిని బలముగా అదిమి త్రోయవలసివచ్చును. అట్లు త్రోసినప్పుడు అది జాఱి ఎటు పోవునో తెలియదు.

పదును అనగా నేమి

కత్తి యొక్క రెండు ప్రక్కలు వాలుగా వచ్చి ఒక గీతయందు కలిసికొనును. ఆ కలిసికొను చోటు ఎంత సన్నమైన, అంత పదును. వాడగా వాడగా ఆ గీత రెండు విధముల చెడును. ఒకటి, అంచు అరిగి గుండ్రనగును. రెండవది, అంచు ఒక ప్రక్కకు వంగును. వంగిన అంచును మరల నిలువ బెట్టిన చాలును. అరిగిన అంచునకు మాత్రము ఇరుప్రక్కల లోహమును కొంత తీసివేసి క్రొత్త గీతను పుట్టింపవలెను. ఈ భేద మెఱుగకనే అనేకులు ప్రతిసారియు కత్తిని గట్టిగా నూరి, పదేండ్లు రావలసిన కత్తిని మూడేండ్లలో పుల్లగా చేయుచున్నారు.

వాలు ఎంత యుండవలెను? కూరగాయల కత్తికి ఒక్కొక్క ప్రక్క 15 నుండి 20 డిగ్రీలు. కొడవలికిని గొడ్డలికిని 25 నుండి 30 డిగ్రీలు. వాలు తక్కువైనచో కత్తి చక్కగా తెగును గాని అంచు త్వరగా పెళుసుపోవును. ఎక్కువైనచో అంచు నిలుచును గాని కోత బరువగును. డిగ్రీలు కొలుచు సాధనము రైతు నింట నుండదు. దానికి సులభమైన ఉపాయము గలదు. కత్తిని రాతిపై బల్లపరుపుగా నుంచి, కత్తి వీపును పైకెత్తుడు. కత్తి వెడల్పులో మూడవ వంతు ఎత్తినచో ఇంచుమించు 20 డిగ్రీల వాలు వచ్చును. నాలుగవ వంతు ఎత్తినచో 15 డిగ్రీలకు కొంచెము తక్కువ. సగము ఎత్తినచో 30 డిగ్రీలు. ఉదాహరణమునకు, కత్తి వెడల్పు 3 సెంటీమీటర్లైన, వీపును 1 సెంటీమీటరు ఎత్తిన చాలును. ఆ యెత్తుగల చెక్కముక్క నొకదానిని మొదట ఆనుగా పెట్టుకొని నూరిన, కొన్ని దినములలో చేయి దానంతటదే అలవాటుపడును.

ఉక్కు నెఱుగుట

అన్ని కత్తులు ఒకే లోహము కావు. మన కమ్మరులు కొడవండ్లు, గొడ్డళ్లు, కత్తిపీటల అలుగులు చేయుటకు పాత లారీల కమాను పట్టీలను తఱచుగా వాడుదురు. ఆ ఉక్కులో నూటికి ఇంచుమించు 0.5 నుండి 0.6 పాళ్ల కర్బన ముండును. నీటిలోగాని నూనెలోగాని సరిగా తాపము పట్టినచో అది మంచి పదును నిలుపును. కాని తడిసిన తుప్పు పట్టును. మామిడికాయ, నిమ్మకాయ, చింతపండు రసము తగిలి అట్లే విడిచినచో ఒక్క రాత్రిలో నల్లబడును. బజారులో దొరకు తుప్పుపట్టని ఉక్కు కత్తులలో క్రోమియము కలదు. వీనిలో చవుకరకము లోహము మెత్తనిది. అంచు అరుగుటకంటె వంగుట ఎక్కువ. కావున వీనిని నూరుటకంటె సరిచేయుటయే తఱచు పని.

తెలంగాణములో ఉక్కు మాట వచ్చినప్పుడు నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమును తలపకుండుట న్యాయము కాదు. అచటి మట్టిమూసలలో కరగించిన ఉక్కు ముద్దలను కొనుటకు పారసీక వర్తకులు వచ్చుచుండిరి. త్రికోణమితి సర్వేలో వైద్యుడుగాను భూగర్భ పరీక్షకుడుగాను పనిచేసి 1824లో మరణించిన వాయిసీ దొర అచటి పద్ధతిని చూచి వ్రాసిన వివరణము 1832లో ప్రకటింపబడినది. ఆ ఉక్కులో కర్బనము నూటికి ఒకటిన్నర పాళ్లకు దగ్గరగా నుండెడిది. డమాస్కసు కత్తులని లోకమున పేరుపొందినవి ఇట్టి ఉక్కుతోనే చేయబడెను. అంతటి ఉక్కును తీసిన సీమయందు నేడు కొడవలిని గడప బండమీద గీకుచుండుట చూచిన వింతగా దోచును.

నూరు రాళ్లు

గడప బండనుగూర్చియే మొదట చెప్పవలెను. మన ప్రాంతపు రాయి గ్రానైటు. ఇంచుమించు 250 కోట్ల ఏండ్ల నాటి ఈ శిలలో పలుగురాతి పలుకులును, ఫెల్డుస్పారు అను ఖనిజపు పలుకులును కలిసియుండును. జర్మను శాస్త్రజ్ఞుడు మోస్ 1812లో ఖనిజముల గట్టితనమునకు ఏర్పఱచిన కొలతలో వజ్రము 10, పలుగురాయి 7, ఫెల్డుస్పారు 6. తాపముపట్టిన ఉక్కు ఇంచుమించు 6, 7 నడుమ నుండును. అనగా, బండలోని కొన్ని పలుకులు ఉక్కును కోయును, కొన్ని కోయవు. పలుకులు పెద్దవిగాను అసమముగాను ఉండుటచే, అంచు ఒకచోట అరిగి, ఒకచోట గంటు పడును. ఇట్టి బండపై నూరిన కత్తి తత్కాలమునకు చురుకుగా తోచును. ఆ చురుకు నిజమైన పదును కాదు, గరుకుతనము మాత్రమే. నాలుగు వంకాయలు తఱిగిన పిదప మరల మొదటికే వచ్చును. పైగా, ఒకేచోట రుద్దుటచే కత్తి నడుమ గుంటపడి కత్తిపలకకు ఆనదు.

ఇంతకంటె మేలైనది పూర్వపు చెక్క పద్ధతి. చదునైన చెక్కపై మెత్తగా దంచి జల్లించిన పలుగురాతి పొడి చల్లి, దానిపై కత్తిని ముందునకు వెనుకకు నూరుదురు. పొడి ఎంత మెత్తనైన, పదును అంత నున్నన. ఖర్చు లేదు. కాని పొడి త్వరగా మొద్దువారును, పని నిదానము, మఱియు పలుగురాతిని దంచునప్పుడు లేచు దుమ్ము ఊపిరితిత్తులకు మిక్కిలి చెఱుపు చేయును. దంచువారు పొడిని తడిపి దంచుట మంచిది. పిల్లలను దగ్గరకు రానీయకూడదు.

సానరాళ్లకు మేలైన పదార్థము కురువిందము. మోస్ కొలతలో ఇది 9. మన సీమలో ఖమ్మం జిల్లాయందు దొరకును. దీని పొడిని లక్కతో కలిపి చక్రములుగా పోసి సాన పట్టుట ఈ దేశమున చిరకాలపు వాడుక. ఇంగ్లీషులో ఈ ఖనిజమునకు గల కొరండము అను పేరు మన దక్షిణదేశపు మాటనుండియే పోయినది. తర్జుమా పనిలో నుండువారికి ఇట్టి మాటలు ఎదురైనప్పుడు కొంత సంతోషము కలుగును. ఏలయన, మన మాటనే మరల మనకు తర్జుమా చేయవలసివచ్చును. 1891లో అమెరికాలో అచెసన్ అను నతడు కృత్రిమ వజ్రమును చేయబూని, బంకమట్టిని బొగ్గుపొడితో కలిపి విద్యుత్తుతో కాల్చగా, మిక్కిలి గట్టియైన పలుకులు వచ్చెను. అది కర్బనమును కురువిందమును కలిసినదని భ్రమపడి దానికి కార్బొరండము అని పేరుపెట్టెను. నిజమునకు అది కర్బనమును సిలికానును కలిసినది. గట్టితనము 9కి పైన. నేడు బజారులో దొరకు నల్లని బూడిదవన్నె సానరాయి ఇదియే. భారతదేశమున దీనిని చేయుటకు చెన్నపట్టణములో 1954లో కార్బొరండం యూనివర్సల్ అను కంపెనీ ఏర్పడిన పిమ్మట ఇది పల్లెటూరి ఇనుప సామానుల దుకాణమునందును దొరకుచున్నది.

ఈ రాళ్లకు అంకెలు గలవు. అంకె పెరిగినకొలది పలుకు సన్నము. దీనిని గ్రిట్ అందురు. 100, 200 అంకెల రాయి గంట్లు తీయుటకు. 400 రాయి మామూలు పదునునకు. 1000 మొదలు పైవి నున్నదనమునకు. ఒక ప్రక్క గరుకు, ఒక ప్రక్క సన్నము గల జంటరాయి ఒక్కటి కొన్నచో ఇంటి పనికి ముప్పాతిక భాగము తీరును. 15 సెంటీమీటర్లకు తక్కువ పొడవైన రాయి కొనవద్దు. కత్తి దానిపై తిన్నగా సాగదు. వజ్రపు పొడిని అతికిన ఇనుపపలకలును ఇపుడు దొరకుచున్నవి. అవి త్వరగా కోయును, గుంటపడవు. కాని చవుకరకములలో పొడి కొలదిదినములకే రాలిపోవును. నా యభిప్రాయమున మొదట కొనదగినది జంటరాయియే.

రాయి కొనుట కిష్టము లేనివారు నీటిలో వాడు ఎమరీ కాగితమును చదునైన చెక్కకు అతికి వాడుకొనవచ్చును. 220, 400, 1000 అంకెల కాగితములు ఒక్కొక్కటి చాలును. అంటుకత్తికి ఈ పద్ధతి మిక్కిలి బాగుగా పనిచేయును.

రెండు చక్రముల నడుమ కత్తిని పెట్టి లాగు చిన్న సాధనములు నగరపు దుకాణములలో అమ్ముదురు. వానిలో కొన్ని గట్టిలోహపు బద్దలతో అంచును చెక్కివేయును. కత్తి తెగుట నిజమే. కాని ప్రతిసారియు లోహము పొట్టుపొట్టుగా పోవును, వాలు దాని యిష్టమే గాని మన యిష్టము కాదు. ఖరీదులేని కత్తికి తప్ప తగదు. అత్యవసరమైనచో పింగాణి కప్పును బోర్లించి, దాని అడుగున మెఱుగులేని గరుకు వలయముపై కత్తిని ఒక్కొక్క ప్రక్క పదిసార్లు లాగుట అంతకంటె మేలు.

కత్తిని నూరు విధము

రాయిని తడిబట్టపై పెట్టుడు, జాఱకుండును. రాతిపై నీరు చల్లుడు. కొందఱు నూనె వాడుదురు. రెండును పనికివచ్చును, కాని ఒకసారి నూనె పోసిన రాతికి నూనెయే వాడవలెను. ఎండురాతిపై నూరినచో ఉక్కు పొడి రంధ్రములలో నిండి రాయి జాఱుడుబారును.

గరుకు ప్రక్క మొదట. వీపును చెప్పిన యెత్తున నిలిపి, అంచు ముందుగా, రాతినుండి పలుచని పొరను కోయుచున్నట్లు త్రోయుడు. మడమనుండి మొన వఱకు అంచంతయు రాతిని తాకవలెను. ఎత్తు మాఱకుండుటయే ఈ విద్యలో సారము. వేగము పనికిరాదు. బలమెంత యుండవలెనో తెలియుటకు ఇంటి తక్కెడపై కత్తిని అదిమి చూడవచ్చును. మొదట ఒక కిలో బరువు, చివర పావుకిలోకు మించని బరువు చాలును.

ఎప్పుడు ఆపవలెను? ఒక ప్రక్క నూరగా నూరగా, రెండవ ప్రక్కకు లోహము సన్నని తీగవలె రేగును. బొటనవ్రేలిని కత్తి ప్రక్కభాగమునుండి అంచు వైపునకు, అంచు దాటునట్లుగా, మెల్లగా జార్చిన ఆ తీగ గోటికి తగులును. అంచు వెంబడి వ్రేలిని ఎన్నడును జార్చకూడదు. తీగ అంచు పొడవున అంతటను తగిలినప్పుడే ఆ ప్రక్క పూర్తియైనది. అంతకు ముందే త్రిప్పినచో పని సగములో నిలిచినట్లు. అనేకులు ఇరువది సార్లు ఇటు, ఇరువది సార్లు అటు అని లెక్కపెట్టి నూరి, పదును రాలేదని రాతిని నిందింతురు. లెక్క ముఖ్యము కాదు; తీగ ముఖ్యము. రెండవ ప్రక్కయు అట్లే చేసి, పిదప సన్నప్రక్కపై ఇదే క్రమమున తేలికగా నూరి, చివర ఒక్కొక్కసారి ప్రక్క మార్చుచు బరువు తగ్గించుచు పోవలెను. అపుడు తీగ ఊడిపోవును. మిగిలినదానిని తోలు ముక్కపై, అంచు వెనుకగా, పదిసార్లు లాగి తీయుడు. పాత బెల్టు చెక్కకు మేకులతో కొట్టుకొన్న చాలును. మంగలి పెట్టెలోని తోలుపట్టీ చేయునదియు ఇదే పని.

పరీక్షకు తమాట పండు మంచిది. పండుపై కత్తిని అదమక లాగినపుడు తోలు వెంటనే తెగవలెను. జాఱి, పిదప గ్రుచ్చుకొన్నచో అంచు ఇంకను గుండ్రముగానే యున్నది.

వారమునకు రెండుసార్లు తోలుపై గాని ఉక్కు కడ్డీపై గాని కత్తిని సరిచేసికొన్నచో, వంటయింటి కత్తికి రాయి నెల రెండునెలలకొక మారు చాలును. ఉక్కు కడ్డీ అంచును నిలబెట్టునే గాని క్రొత్తగా పుట్టింపదు. ఇది తెలియక కడ్డీతోనే ఏడాది గడుపువారు గలరు.

రాయి కూడ అరుగును. నడుమ గుంటపడిన రాయిపై కత్తి చదునుగా నూరుట అసంభవము. ఇచటనే మన గ్రానైటు బండ పనికివచ్చును. చదునైన నాప పలకపై గాని కోసిన గ్రానైటు పలకపై గాని తడియిసుక చల్లి, సానరాతిని బోర్లించి గుండ్రముగా రుద్దినచో గుంట పోవును.

కత్తిపీటయు కొడవలియు

కత్తిపీటకు కత్తి కదలదు గావున రాయియే కదలవలెను. పీటను గోడకు ఆనించి, కాలితో గట్టిగా త్రొక్కిపట్టి, చిన్న రాతిముక్కను అలుగు వీపు వైపునుండి అంచు వైపునకు గాక, అడుగునుండి మొనవైపునకు, ఉన్న వాలును అనుసరించి నడుపుడు. వ్రేళ్లు రాతి అంచు దాటి ముందునకు రాకూడదు. మందమైన గుడ్డ చుట్టుకొనుట మేలు. అలుగును ఊడదీయ వీలున్నచో ఊడదీసి రాతిపై నూరుటయే సురక్షితము. వంకరగల లోపలి అంచునకు, గుండ్రని కర్రకు 220 కాగితము చుట్టి వాడవలెను.

కొడవండ్లు రెండు రకములు. నున్నని అంచుగల కొడవలికి కత్తివలెనే, కాని వాలు ఎక్కువగా, పడవ ఆకారపు రాతితో నూరవలెను. కూలీ పొలములోనే ఆ రాతిని దగ్గర నుంచుకొని, గంట రెండుగంటల కొకసారి నాలుగు లాగులు లాగిన కోత తేలికగా సాగును. ఇందుకు పట్టు అయిదు నిమిషములను వ్యర్థమని తిట్టు యజమానులు తమ కూలి డబ్బునకే శత్రువులు.

కక్కు కొడవలి సంగతి వేఱు. దాని పండ్లు ఒక ప్రక్కనే చెక్కబడియుండును. ఆ ప్రక్కను రాతిపై నూరినచో పండ్లు పోయి, అది నున్నని మొద్దు కొడవలి యగును. పండ్లులేని చదును ప్రక్కను మాత్రము సన్నరాతిపై పరుండబెట్టి అయిదారుసార్లు మెల్లగా రుద్దిన, పండ్ల మొనలు మరల తేఱును. పండ్లు పూర్తిగా అరిగిన పిమ్మట ఇంటివద్ద చేయదగినది ఏమియు లేదు. కమ్మరి దానిని కాల్చి మెత్తబఱచి, ఉలితో కక్కు కొట్టి, తిరిగి తాపము పట్టవలెను.

గొడ్డలికి ఆకురాయి చాలును. అంచు వైపునకు త్రోయునపుడు చేతికి తోలుగాని మందపుగుడ్డగాని తప్పదు. వెనుకకు తెచ్చునప్పుడు ఆకురాయిని పైకెత్తవలెను. ఈడ్చినచో దాని పండ్లే పోవును.

అంటుకత్తియు కొమ్మకత్తెరయు

అంటుకత్తికి వాలు ఒక ప్రక్కనే. రెండవ ప్రక్క అద్దమువలె చదునుగా నుండవలెను. ఈ చదును ప్రక్కకు ఏమాత్రము వాలు తెచ్చినను కోత వంకరపోవును. కొమ్మ కోతయు మొక్క కోతయు ఒకదానిపై నొకటి కూర్చుండక, నడుమ వెలితి యుండును. కావున వాలు ప్రక్కను 400, 1000 కాగితములపై క్రమముగా నూరి, రేగిన తీగను తీయుటకు చదును ప్రక్కను 1000 కాగితముపై పూర్తిగా పరుండబెట్టి రెండుమూడు లాగులు మాత్రమే లాగవలెను. పిదప తోలు. ముంజేతి వెండ్రుకలు తేలికగా తెగినచో కత్తి సిద్ధము. ఈ కత్తితో కూరగాయలు తఱుగుట, త్రాళ్లు కోయుట, పెన్సిలు చెక్కుట కూడదు. అంటు కట్టు దినమున ప్రతి ఇరువది ముప్పది అంటులకు ఒకమారు తోలుపై లాగిన కోత చెడదు.

కొమ్మకత్తెరలో కోయు రెక్క ఒక్కటే. కొక్కెమువంటి రెండవ రెక్క కొమ్మను పట్టుకొనుటకు మాత్రమే. కోయు రెక్కకుగూడ వాలున్న ప్రక్కనే సన్న ఆకురాయి గాని చిన్న రాయి గాని తాకింపవలెను. కొక్కెమును పదునుచేయబోయినచో రెండింటి నడుమ సందు ఏర్పడి, కొమ్మ తెగక నమలినట్లగును. దానిమ్మ తోటలలో మచ్చతెగులు ఒక చెట్టునుండి మఱియొక చెట్టునకు కత్తెర వెంబడి కూడ ప్రాకును. నూరిన పిమ్మటయు, చెట్టు మాఱినప్పుడును రెక్కలను స్పిరిటుతో తుడువవలెను. గరుకుగా నూరిన రెక్క గీతలలో రసము నిలిచి తుడుపునకు పోదు. నున్నగా నూరుటకు ఇదియు నొక కారణము.

సాన చక్రమును కమ్మరియు

సైకిలుపై చక్రము బిగించుకొని వీథివీథి తిరుగు సానవాని పని నింద్యము కాదు. గంటుపడిన కత్తిని ఇంటిరాతిపై నూరుటకు పూట పట్టును. అతడు నిమిషములో తీయును. భయపడవలసినది వేడికి. చక్రము వేగముగా తిరుగునప్పుడు అంచు పలుచనిదగుటచే తృటిలో కాలును. ఉక్కు రంగు చూచి వేడి తెలియవచ్చును: లేత గడ్డిరంగు వచ్చినచో ఇంచుమించు 220 నుండి 230 డిగ్రీల సెంటీగ్రేడు, ఊదారంగు 280, నీలము 300 డిగ్రీలకు దగ్గర. కత్తియంచున నీలిచాయ కనబడినదనగా ఆ చోట తాపము పోయినది. ఎంత నూరినను అచట పదును నిలువదు. ఆ నీలిభాగము పూర్తిగా అరుగువఱకు గాని, కమ్మరి మరల తాపము పట్టువఱకు గాని ఆ కత్తి రోగియే. విద్యుత్తు మోటారు చక్రములపై ఈ ప్రమాదము మఱింత హెచ్చు. కావున సానవానికి కత్తి నిచ్చునప్పుడు ప్రక్కనే నీళ్లచెంబు పెట్టి, రెండు మూడు తాకుడుల కొకసారి ముంచుమని చెప్పి, నిలుచుండి చూడవలెను. నిప్పురవ్వలు ధారగా ఎగురుట చూచి సంతోషించుటకంటె, కత్తిని చేతితో తాకి ఓర్చుకొనునంత వేడిలోనే యున్నదా అని అడుగుట ఉపయోగకరము. చక్రమునకు ఎదురుగా నిలుచుండరాదు. కన్నులకు అద్దములు లేనివారు తలత్రిప్పుకొనవలెను.

కమ్మరికి పంపవలసిన పనులు కొన్నియే: కక్కు కొట్టుట, విఱిగిన మొన సాగగొట్టుట, తాపముపోయిన అంచునకు మరల తాపము పట్టుట, పిడి బిగించుట. ఈ పనులను వానకాలపు సాగు మొదలగుటకు ముందే చేయించుకొన్నచో, అతనికి తీరికయు మనకు పనియు దొరకును. కోత నడుమ కొలిమివద్ద వరుసలో నిలుచుట ఇరుపక్షములకు నష్టము.

నూరిన కత్తిని తుడిచి ఆరబెట్టి, ఇనుప పనిముట్లకు ఆముదముగాని కొబ్బరినూనెగాని పలుచగా రాసి, అంచు తగులకుండ గుడ్డచుట్టి పెట్టవలెను. వేసవిలో అటకపై పెట్టు కొడవండ్లకు ఈ జాగ్రత్త తప్పదు. తుప్పుపట్టిన కత్తి తెగిననే ధనుర్వాతము వచ్చునని జనులు తలంతురు. ధనుర్వాతపు క్రిమి తుప్పులో పుట్టదు. మట్టియందును పశువుల పేడయందును ఉండును. కావున పొలములో మెఱయుచున్న క్రొత్త కొడవలి తెగినను ప్రమాదమే. గాయమును శుభ్రమైన నీటితోను సబ్బుతోను కడిగి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి టీకా వేయించుకొనవలెను. కాలుచున్న సున్నము, కాఫీపొడి, పసుపు అద్ది ఊరకుండరాదు.